ఆఫీసు ఫోన్‌లోకి వచ్చింది.. మరి పాత ఫోన్ సంగతేంటి?

వెలిగండ్ల మండలం ఇప్పుడు కొత్త మార్కాపురం జిల్లాలో ఉంది. 2025 డిసెంబర్ 31 నుంచి జిల్లా కేంద్రం ఒంగోలు కాదు, మార్కాపురం. అర్జీ పట్టుకుని ఎక్కాల్సిన బస్సు మారింది. కానీ సామాన్యుడికి రోజూ పని పడే ఆఫీసు ఒంగోలులోనూ లేదు, మార్కాపురంలోనూ లేదు. అది మెల్లమెల్లగా చేతిలోని ఫోన్‌లోకి వచ్చేసింది. ఓటీపీ అందులోనే, సర్టిఫికెట్ అందులోనే, బ్యాంకు అందులోనే, కూలీ హాజరు కూడా అందులోనే.

ఆ ఫోన్ ఎలాంటిది? పశ్చిమ ప్రకాశం పల్లెల్లో చాలా ఇళ్లలో అది ఏడెనిమిదేళ్ల కిందట ఐదారు వేలకు కొన్న చవక ఫోన్. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో పనిచేసే కొడుకు కొత్తది కొనుక్కుని, పాతది అమ్మకో నాన్నకో ఇచ్చి ఉంటాడు. అద్దం పగిలినా నడుస్తూనే ఉంటుంది. అయితే ఏదో ఒక రోజు నెట్ రాదు, లేదా కాల్ కలవదు. సెల్‌షాపుకు వెళ్తే ఒకటే మాట: ''దీని పని అయిపోయింది చాచా, కొత్తది తీసుకోండి. కిస్తీలు కూడా ఉన్నాయి.''

పది వేల ఫోన్ అంటే ఎంత? 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. అంటే ముప్ఫై రెండు రోజుల కూలీ పైమాటే. కరువు సీమలో ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ఈ ప్రశ్న అడగాల్సి వస్తోంది. ఆ ఫోన్ పని నిజంగా అయిపోయిందా? చాలాసార్లు కాలేదు. ఫోన్ బాగానే ఉంటుంది. దానికీ, టవర్‌కీ, సిమ్‌కీ మధ్య ఎక్కడో లింకు తప్పి ఉంటుంది. అది ఎక్కడ తప్పిందో చెప్పే మనిషే ఊళ్లో ఉండడు.

ఫోన్ మీద ఏమేం వేలాడుతున్నాయి?

ముందు లెక్క చూద్దాం. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. 95523 00009 నంబర్‌కు మెసేజ్ పెడితే చాలు, ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదన్నారు. తొలి రోజునే 161 సేవలు పెట్టారు. మంచిదే. కానీ ఆ సేవ అందాలంటే వాట్సాప్ నడిచే ఫోన్ ఉండాలి, నెట్ ఉండాలి, సిమ్ బతికి ఉండాలి.

ఉపాధి పనుల్లో 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్ హాజరు తప్పనిసరి అయింది. మేట్ తన ఫోన్‌లో పని స్థలం ఫోటోలు రోజుకు రెండుసార్లు తీసి ఎక్కించాలి. ఆ ఫోన్ మేట్ సొంతది. అది సతాయిస్తే అందరి హాజరుకూ ఇబ్బందే. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం, వీబీ జీ రామ్ జీ, పని దినాలను 125కు పెంచింది. దాంతోపాటే బయోమెట్రిక్, మొబైల్ పర్యవేక్షణనూ చట్టంలోకి తెచ్చింది. అంటే ఫోన్ మీద భారం తగ్గేది లేదు, పెరిగేదే.

రైతుల సంగతీ అంతే. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవను ముఖ్యమంత్రి మొదలుపెట్టింది దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలోనే. తొలి విడతలో పీఎం కిసాన్‌తో కలిపి 7,000 రూపాయలు ఖాతాల్లో పడ్డాయి. డబ్బు పడిందని చెప్పేది ఎస్సెమ్మెస్. ఈకేవైసీ దగ్గర అడిగేది ఓటీపీ. ఆధార్‌కు లింకైన నంబర్ మూగబోతే ఎక్కడికి వెళ్లినా మొదటికే వస్తుంది.

ముస్లిం కుటుంబాలకు, చిన్న ఊళ్ల మస్జిద్ కమిటీలకు ఇంకో అనుభవం కూడా ఉంది. వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక కేంద్రం 2025 జూన్ 6న 'ఉమీద్' పోర్టల్ తెరిచింది. ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. గడువు పెంచాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు డిసెంబర్ 1న తోసిపుచ్చి, ట్రైబ్యునల్‌కు వెళ్లమంది. గడువు ముగిసేసరికి 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైందనీ, ఆమోదం పొందినవి 2.16 లక్షలనీ మైనారిటీ వ్యవహారాల శాఖ ప్రకటించింది. మిగతావాటిలో కొన్ని తనిఖీలో ఉన్నాయి, కొన్ని తిరస్కరించబడ్డాయి, కొన్ని మధ్యలోనే ఆగాయి. ఆగడానికి కారణాలు అనేకం. పాత దస్తావేజులు ఉర్దూలో ఉండటం, కాగితాలు దొరకకపోవడం, సర్వర్ మొరాయించడం. కానీ చిన్న ఊరి ముతవల్లీకి వీటన్నిటికంటే ముందు ఎదురయ్యే గడప ఒకటుంది. చేతిలోని ఫోన్‌లో ఆ పేజీ తెరుచుకోవాలి కదా! హజ్ దరఖాస్తు కూడా అంతే. 2024 మార్చిలో వచ్చిన 'హజ్ సువిధ' యాప్ యాత్ర పొడుగునా హాజీల చేతిలోనే ఉండాలి.

ఇన్ని పనులు ఒక పాత ఫోన్ మీద పెట్టినప్పుడు, ఆ ఫోన్‌కు సిగ్నల్ ఎందుకు అందదో తెలుసుకోవడం ఇప్పుడు అందరి అవసరం.

టవర్ ఉంది, సిగ్నల్ లేదు.. ఎందుకు?

పక్కింటి వాళ్ల ఫోన్‌లో నాలుగు గీతలు, మన ఫోన్‌లో ఒక్కటి. సిమ్ కంపెనీ ఒకటే. ఇదెలా?

దీనికి జవాబు బ్యాండ్‌లో ఉంది. టవర్ ఒక్క దారిలో మాట్లాడదు. ఒక్కో కంపెనీకి రెండు మూడు, కొన్నిటికి నాలుగు దారులు ఉంటాయి. వాటికే బ్యాండ్‌లు అని పేరు. జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో నడుస్తుంది. ఫోన్ భాషలో అవి 5, 3, 40 నంబర్ బ్యాండ్‌లు. ఎయిర్‌టెల్‌కు 900, 1800, 2100, 2300 ఉన్నాయి, అంటే 8, 3, 1, 40. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ ప్రధానంగా 700, 2100 మీద, అంటే 28, 1 బ్యాండ్‌ల మీద నడుస్తోంది.

తక్కువ మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. ఎక్కువ మెగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, దూరం తక్కువ. పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏదైనా సరిపోతుంది. వెలిగొండ కొండల వైపు విసిరేసినట్టుండే పల్లెలకు మాత్రం 700, 850, 900లే దిక్కు.

చిక్కంతా ఇక్కడే. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రధాని 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రారంభించారు. 97,500కు పైగా టవర్లు, సుమారు 37,000 కోట్ల ఖర్చు. అంతకు ముందే 2022 జూలైలో, సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లతో కేంద్ర కేబినెట్ పథకం ఆమోదించింది. ఇదంతా పల్లె కోసమే. కానీ 2016-18 మధ్య వచ్చిన చవక ఫోన్లలో చాలా వాటికి 28వ బ్యాండ్ లేదు. అప్పుడు దేశంలో ఆ బ్యాండ్ మీద 4జీ ఇచ్చిన వాళ్లే లేరు, కాబట్టి కంపెనీలు ఆ ఖర్చు మిగుల్చుకున్నాయి. ఫలితం ఏమిటంటే, ఊళ్లో కొత్త టవర్ 700లో గట్టిగా పలుకుతున్నా పాత ఫోన్‌కు అది వినపడదు. 2100 అందినంత మేరే అందుతుంది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక చాలామంది నంబర్ మార్చుకోకుండానే బీఎస్ఎన్ఎల్‌కు మారారు. వాళ్లలో కొందరు 'సిగ్నల్ లేదు' అని తిట్టుకోవడానికి ఇదొక కారణం.

కాబట్టి కంపెనీ మారే ముందు చేయాల్సింది ఒకటే. ఫోన్ సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లోకి వెళ్లి మోడల్ నంబర్ రాసుకోవాలి. ఆ మోడల్‌కు ఏయే 4జీ బ్యాండ్‌లు ఉన్నాయో తయారీ కంపెనీ సైట్‌లో చూడాలి. 28 లేని ఫోన్‌కు బీఎస్ఎన్ఎల్ సిమ్ వేయాలనుకుంటే, ముందు అదే ఊళ్లో అలాంటి ఫోన్‌తోనే ఇంట్లో కూర్చుని ప్రయత్నించాలి. ఎదుటివాళ్ల కొత్త ఫోన్‌లో గీతలు చూసి నిర్ణయం తీసుకోకూడదు.

ఒక చిన్న కిటుకు కూడా ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డయల్ ప్యాడ్ మీద *#*#4636#*#* నొక్కితే ఒక పేజీ వస్తుంది. అందులో 'ఫోన్ ఇన్ఫర్మేషన్' తెరిస్తే 4జీ సిగ్నల్ బలం డీబీఎంలలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. మైనస్ 90 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 115 దాటిపోతే దాదాపు లేనట్టే. గీతల కంటే ఈ అంకె నిజం చెబుతుంది. ఇంట్లో ఏ మూల, ఏ కిటికీ దగ్గర సిగ్నల్ బాగుందో దీంతో తేలిపోతుంది. అదే పేజీలో నెట్‌వర్క్ రకాన్ని 'ఎల్‌టీఈ ఓన్లీ'గా మార్చే వీలుంటుంది, కానీ జాగ్రత్త. వోల్టీ లేని ఫోన్‌లో అలా పెడితే నెట్ వస్తుంది గానీ కాల్స్ రావు.

నాలుగు చోట్ల తప్పే లింకు

బ్యాండ్ సరిపోయినా కనెక్షన్ రాకపోతే తప్పు సాధారణంగా నాలుగు చోట్ల ఉంటుంది.

మొదటిది సిమ్ స్లాట్. పాత రెండు సిమ్‌ల ఫోన్లలో ఒకసారికి ఒక సిమ్‌కే 4జీ. రెండోది 2జీలోకి పడిపోతుంది. జియోకు అసలు 2జీనే లేదు, అది 2016 సెప్టెంబర్ 5న పుట్టిందే 4జీతో. కాబట్టి జియో సిమ్ రెండో స్లాట్‌లో ఉండి, మొబైల్ డేటా మొదటి సిమ్‌కు పెట్టి ఉంటే 'నో సర్వీస్' అని చూపిస్తుంది. సిమ్ పాడైందనుకుంటారు. స్లాట్ మార్చి, లేదా డేటాను ఆ సిమ్‌కు మార్చి చూస్తే చాలాసార్లు పని తీరిపోతుంది. రెండు సిమ్‌లకూ ఒకేసారి 4జీ కాల్స్ రావాలంటే డ్యూయల్ వోల్టీ ఉండాలి. చవక ఫోన్లలో అది తర్వాత వచ్చింది.

రెండోది వోల్టీ బటన్. 4జీ మీద మాట్లాడటాన్ని వోల్టీ అంటారు. సిమ్ సెట్టింగ్స్‌లో ఈ బటన్ ఆఫ్‌లో ఉంటే జియోలో నెట్ వస్తుంది, కాల్ పోదు. ఎయిర్‌టెల్‌లో అయితే కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ 2జీకి దిగిపోతుంది, మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగిపోతుంది. ''కాల్ వస్తే నెట్ పోతోంది'' అనే ఫిర్యాదు వెనక కథ ఇదే. అదే చోట 'ప్రిఫర్డ్ నెట్‌వర్క్' అనే వరుస ఉంటుంది. అది 3జీ దగ్గర ఆగి ఉంటే ఎయిర్‌టెల్ వంటి వాటిలో 2జీయే గతి, ఎందుకంటే ఎయిర్‌టెల్ 3జీని 2020లోనే మూసేసింది. 4జీతో మొదలయ్యే 'ఆటో'లో పెట్టాలి. 2జీ, 3జీ కాలంనాటి పాత సిమ్ అయితే ఏ బటన్ నొక్కినా లాభం లేదు, అదే నంబర్‌తో 4జీ సిమ్ మార్పించుకోవాలి.

మూడోది ఏపీఎన్. గీతలు నిండుగా ఉంటాయి, పక్కన 4జీ అని కూడా ఉంటుంది, అయినా ఏ పేజీ తెరుచుకోదు. సిమ్ మార్చినప్పుడు పాత కంపెనీ ఏపీఎన్ మిగిలిపోతే ఇలా అవుతుంది. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. సొంతంగా రాయడం కష్టమైతే ఏపీఎన్ పేజీలో 'రీసెట్ టు డిఫాల్ట్' నొక్కితే చాలు.

నాలుగోది తేదీ. ఇది నవ్వొచ్చేంత చిన్న విషయం, కానీ నిలువునా ముంచుతుంది. బ్యాటరీ పూర్తిగా దిగి చాలా రోజులు పక్కన పడి ఉన్న ఫోన్ ఏ 2015లోకో వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే సైట్లు 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటాయి, యాప్‌లు లాగిన్ కానివ్వవు. తేదీ, సమయాన్ని 'ఆటోమేటిక్'లో పెడితే సరిపోతుంది.

ఈ నాలుగూ చూశాక కూడా రాకపోతే చివరిగా 'రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్' ఉంది. ఫోటోలు, నంబర్లు పోవు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు మాత్రం పోతాయి. దీన్నీ, ఫోన్ మొత్తం తుడిచేసే 'ఫ్యాక్టరీ రీసెట్'నూ కలపకూడదు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. తొందరలో రెండోది నొక్కి వాట్సాప్‌తో సహా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

కొడుకు హాట్‌స్పాట్, అమ్మ ఫోన్

పండక్కి కొడుకు ఊరొస్తాడు. అతని కొత్త ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తాడు. అమ్మ పాత ఫోన్‌లో ఎంత వెతికినా ఆ పేరు కనిపించదు. పక్కనున్న పిల్లల ఫోన్లకు కనిపిస్తుంది. ''అమ్మీ, నీ ఫోన్‌లో వైఫై పోయింది'' అని తేల్చేస్తారు.

వైఫై పోలేదు. వైఫైకి రెండు దారులు ఉన్నాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. పాత చవక ఫోన్లలో చాలా వాటికి మొదటిదే తెలుసు. కొత్త ఫోన్ హాట్‌స్పాట్ 5లో ఉంటే పాతదానికి అది లేనట్టే. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మార్చాలి. సెక్యూరిటీ 'డబ్ల్యూపీఏ3' అని ఉంటే 'డబ్ల్యూపీఏ2'కు తేవాలి. అప్పుడు పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న ఇళ్లలోనైనా, వేరే కంపెనీ రౌటర్ ఉన్న చోటైనా ఇదే సూత్రం.

డేటా అస్సలు లేకపోయినా కాగితాలు పంపే దారి ఒకటుంది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో షేర్‌ఇట్, జెండర్ ఉన్నాయి. ఊళ్లలో ఫోటోలు, పాటలు అందులోనే పంచుకునేవాళ్లు. అవి పోయాక చాలామంది మళ్లీ వాట్సాప్‌లోనే పంపుతున్నారు, డేటా కర్చవుతోంది, కాగితం ఫోటో మసకబారుతోంది. ఆండ్రాయిడ్ 6, ఆపై ఫోన్లలో 'క్విక్ షేర్' ఉంది. అది కూడా లేకపోతే పాత బ్లూటూత్ ఉండనే ఉంది. దస్తావేజు ఫోటో మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో ఇవ్వడానికి నెట్ అక్కర్లేదు. పని కాగానే బ్లూటూత్ ఆపేసుకోవాలి.

గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు ఒక మాట. దుబాయ్, అబుదాబీల నుంచి వాట్సాప్ కాల్ కలవకపోతే ఈ పక్క ఫోన్‌ను తిట్టి లాభం లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు చాలాకాలంగా అడ్డంకులున్నాయి. అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లు వాడాల్సిందే. మెసేజ్, వాయిస్ నోట్ మాత్రం వెళ్తాయి.

సిగ్నల్ వచ్చినా తలుపు తెరుచుకోని చోట

కనెక్షన్ సరిచేసుకోవడం సగం పని. మిగతా సగం సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4 ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది, కనీసం 5.0 కావాలి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన క్రోమ్ 139 ఆండ్రాయిడ్ 10 కంటే పాత ఫోన్లకు రాలేదు. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లలో 138తోనే సరి. చాలా బ్యాంకు యాప్‌లూ భద్రత పేరుతో పాత ఆండ్రాయిడ్‌ను రానివ్వవు. ఈ భయం ఉత్తదేమీ కాదు. అప్‌డేట్ ఆగిన ఫోన్‌లో డబ్బు వ్యవహారం పెట్టుకోవడం ప్రమాదమే. అలాంటి ఫోన్‌ను కాల్స్‌కూ, ఓటీపీకీ, వాట్సాప్‌కూ ఉంచుకుని, పెద్ద మొత్తాలున్న ఖాతాను దానికి తగిలించకపోవడం మేలు. చిన్న చెల్లింపులకు 2జీ ఉన్న సిమ్‌లో *99# ఉంది. 2022 మార్చి 8న రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన యూపీఐ 123పే కూడా ఉంది. దానికి నెట్ అక్కర్లేదు.

ఇక అసలు దెబ్బ రీచార్జ్ దగ్గర తగులుతుంది. 2024 జూలైలో జియో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 అయింది. అదే సమయంలో 5జీ ఫోన్ ఉన్నవాళ్లకు, రోజుకు 2 జీబీ ఆపై ప్లాన్ వేస్తే 5జీ అపరిమితం. అంటే ఖరీదైన ఫోన్ ఉన్నవాడికి నెట్ లెక్కలేకుండా వస్తుంది, పాత 4జీ ఫోన్ ఉన్నవాడు జీబీ లెక్కన కొనాలి. ఈ తేడా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

నెట్ అక్కర్లేని పెద్దవాళ్ల కోసం ట్రాయ్ 2024 డిసెంబర్ 23న ఒక ఆదేశం ఇచ్చింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్లాన్‌లు పెట్టాలనీ, గడువు 365 రోజుల వరకు ఇవ్వొచ్చనీ చెప్పింది. 2025 జనవరిలో ఆ ప్లాన్‌లు వచ్చాయి. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849. జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. నెలకు నూట యాభై, నూట అరవై పడుతుంది. అంత చవకేమీ కాదు. అయినా ఓటీపీ నంబర్‌ను బతికించుకోవడానికి ఇదొక దారి. షాపులో ఎవరూ వీటి పేరెత్తరు, అడిగి తీసుకోవాలి.

నంబర్ బతకడం ఎందుకంత ముఖ్యం? 90 రోజులు వాడకం లేని నంబర్‌ను కంపెనీ తీసేయవచ్చు. ప్రీపెయిడ్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే ఇంకో 30 రోజులు నిలుపుకునే వెసులుబాటుంది. ఆ తర్వాత అదే నంబర్ ఇంకెవరికో పోతుంది. ఆధార్, బ్యాంకు, పాస్‌బుక్ అన్నీ ఆ నంబర్ మీదే ఉన్నాయంటే, కుటుంబం ఓటీపీలు పరాయి మనిషి ఫోన్‌కు పోతాయన్నమాట.

దీనికి తోడు, 2025 నవంబర్ 28న టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్ వంటి యాప్‌లకు కొత్త ఆదేశం ఇచ్చింది. నమోదైన సిమ్ ఫోన్‌లో చురుగ్గా ఉంటేనే యాప్ నడవాలనీ, కంప్యూటర్‌లో తెరిచిన వాట్సాప్ ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలనీ, 90 రోజుల్లో అమలు చేయాలనీ దాని సారాంశం. సైబర్ మోసాల కట్టడికే అంటోంది ప్రభుత్వం. ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. డిజిటల్ అరెస్టు పేరుతో ముసలివాళ్లను దోచుకుంటున్న ముఠాలు నిజం. కానీ దాని రెండో ముఖం కూడా చూడాలి. రీచార్జ్ అయిపోయినా ఇంటి వైఫైతో అమ్మ ఫోన్‌లో వాట్సాప్ నడుస్తోంది. గల్ఫ్‌లో ఉన్న మనిషి అక్కడి సిమ్ వేసుకుని, ఇండియా నంబర్ వాట్సాప్‌తో ఇంటికి మాట్లాడుతున్నాడు. ఈ ఆదేశం ఎంత కఠినంగా అమలైతే ఈ ఇద్దరికీ అంత కష్టం. మోసగాడి కోసం పన్నిన వల ముందుగా పేదవాడి పాత ఫోన్‌కే తగులుకోకుండా చూడాల్సిన బాధ్యత శాఖదే.

కొనాల్సి వస్తే..

అన్నీ చేసినా ఫోన్ లేవకపోవచ్చు. అప్పుడు సెకండ్ హ్యాండ్ కొనడం తప్పేమీ కాదు. నాలుగు జాగ్రత్తలు చాలు. *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోన్ సరైనదో, బ్లాక్ అయినదో తెలుస్తుంది. దొంగ ఫోన్ అయితే డబ్బుతో పాటు మర్యాద కూడా పోతుంది. రెండోది, బ్యాండ్‌లలో 28 ఉందో లేదో. మూడోది, ఆండ్రాయిడ్ కనీసం 10. నాలుగోది, పాత యజమాని గూగుల్ అకౌంట్ తీసేశాడా లేదా అన్నది. అది తీయకుండా రీసెట్ చేసిన ఫోన్ తాళం వేసిన ఇల్లు లాంటిదే. ఇక మన పేరు మీద మనకు తెలియకుండా ఎన్ని సిమ్‌లున్నాయో 'సంచార్ సాథీ' సైట్‌లో చూసుకోవచ్చు. ఆ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో తప్పనిసరి చేయాలన్న ఆదేశాన్ని కేంద్రం 2025 డిసెంబర్ 3న వెనక్కి తీసుకుంది, కానీ సేవ మాత్రం పనికొచ్చేదే.

భారం ఎవరి మీద?

ఇన్ని కిటుకులు చదివాక ఒక సందేహం రావాలి. పింఛను, కూలీ, పంట సాయం, మస్జిద్ భూమి కాగితం, ఇవన్నీ హక్కులు. హక్కు అందుకోవడానికి 28వ బ్యాండ్ గురించీ, ఏపీఎన్ గురించీ ఒక కూలీ తల్లి ఎందుకు తెలుసుకోవాలి?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. ఆ తర్వాత పరిస్థితి కొంత మారి ఉండొచ్చు. కానీ ఫోన్ ఇంట్లో ఒక్కటే అయినప్పుడు అది ఎవరి జేబులో ఉంటుందో చెప్పక్కర్లేదు. తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది. ఆ మెసేజ్ చూసేది చాలా ఇళ్లలో తండ్రో, కొడుకో. వాట్సాప్ పాలన నిజంగా అందరి పాలన కావాలంటే ఈ లెక్క మారాలి.

విశాఖలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. రాష్ట్రానికి అది గర్వమే. అయితే 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఒక తరం మొత్తం ఎదురుచూసిన ప్రాంతమిది. పెద్ద పథకం ప్రకటనకూ, చివరి ఇంటికి అది చేరడానికీ మధ్య ఎంత దూరముంటుందో ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చేయాల్సినవి మరీ కష్టమైనవేమీ కావు. వాట్సాప్‌లో పెట్టిన ప్రతి సేవా గ్రామ సచివాలయంలో కాగితం మీద కూడా దొరకాలి, 'ఫోన్‌లో చేసుకో' అని తిప్పి పంపకూడదు. మేట్ ఫోన్ మొరాయించిన రోజు కూలీల హాజరు కాగితం మీద రాసుకునే వీలుండాలి, ఆ రాతకు విలువ ఉండాలి. టెలికాం కంపెనీలు సిమ్ అమ్మేటప్పుడే ఆ ఫోన్‌కు ఊళ్లోని తమ బ్యాండ్ అందుతుందో లేదో చెప్పాలి. ఫోన్ పెట్టె మీద బ్యాండ్‌ల వివరం అందరికీ అర్థమయ్యేలా ఉండాలి. పోర్టల్ తయారు చేసేవాళ్లు ఒక్కసారైనా దాన్ని పాత ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్‌లో తెరిచి చూడాలి.

అవన్నీ జరిగేదాకా ఊరు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. జుమా నమాజ్ అయ్యాక చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరు అరగంట మస్జిద్ వరండాలో కూర్చుంటే చాలు. సిమ్ స్లాట్, వోల్టీ, ఏపీఎన్, తేదీ చూడటానికి ఒక్కో ఫోన్‌కు ఐదు నిమిషాలు పడుతుంది. రామాలయం అరుగు మీదా, బడి వరండాలోనూ అదే పని చేయొచ్చు. కొత్త ఫోన్ కిస్తీకి సంతకం పెట్టే ముందు ఒక పెద్దాయన ఆ వరండా దాకా వచ్చి చూపించుకుంటే, ఒక ఇంటికి నెల రోజుల కూలీ మిగిలినట్టే.